వెల్ల వేసిన గని

"నా కూతురు తన తప్పు వల్లే ప్రాణం పోగొట్టుకుందా, కాదా? ఈ ఒక్క మాట తేల్చండి మేడం. ఇంకేమీ అడగను."

గని ముందున్న రేకుల షెడ్డులో నిలబడి సవరమ్మ అడిగింది. నిన్న ఇంట్లో అడిగింది, ఇవాళ దారిలో అడిగింది, ఇది మూడోసారి. మూడుసార్లూ అడిగింది హైమవతినే. విజయవాడలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి ఇన్నేళ్లయింది, ఏడ్చే తల్లులను ఎంతోమందిని చూసింది. ఏడవని తల్లి ఎదురైతే మాత్రం ఆమెకు గుండె జారిపోతుంది. సవరమ్మ ఏడవడం లేదు. విస్సన్నపేటలో పాతికేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరు, ఇప్పుడు కూడా లెక్క తేలితే చాలన్నట్టు నిలబడి ఉంది.

తేలాల్సిన సంగతి ఇదీ. రెడ్డిగూడెం దాటాక నూజివీడు మామిడి వ్యాపారి భాస్కరరావు తోట ఉంది. తోట వెనక కొండ, ఆ కొండ లోపల ఎప్పుడో మూతపడిన గ్రాఫైట్ గని. మామిడిపళ్ల సీజన్లో తోట చూడ్డానికి వచ్చే జనానికి ఆ గని కూడా చూపించాలని భాస్కరరావుకు బుద్ధి పుట్టింది. లోపల లైట్లు, గోడల పని సవరమ్మ కూతురు షాలోమికి అప్పగించాడు. ఇరవై ఆరేళ్ల పిల్ల. హైదరాబాదులో లైటింగ్ డిజైన్ చదువుకుని సొంత ఊరి పక్కనే పని దొరికిందని మురిసిపోయింది. మూడు వారాల కిందట ఒక పొద్దున్న గనిలోని పక్క సొరంగంలో పేలుడు జరిగింది. షాలోమి అక్కడికక్కడే పోయింది.

గనికి ఇన్సూరెన్స్ ఉంది. ఆ కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు రెండు రోజుల్లో రిపోర్టు రాసి పారేశాడు. ఆ పిల్ల పాతకాలం కార్బైడ్ దీపాన్ని గనిలో వెలిగించింది, గ్యాస్ అంటుకుంది, తప్పంతా ఆమెదే అని. ఊళ్లో నలుగురూ ఆ మాటే పట్టుకున్నారు. చచ్చిపోయిన పిల్ల వచ్చి కాదని చెప్పదు కదా!

"చివరిసారి ఫోన్లో ఏమంది?" అడిగింది హైమవతి.

"ఏడుంపావుకి చేసిందండి. లైట్లు వేసి చూస్తానమ్మా, గోడ మీద వెలుగు ఎలా పడుతుందో రాత్రంతా అదే ఆలోచన, అంది. టిఫిన్ తిన్నావా అని అడిగాను. వచ్చి తింటానంది. ఫోన్ పెట్టేసిన రెండు నిమిషాలకే పేలిందని తోటలో కాయలు కోసేవాళ్లు చెప్పారు." సవరమ్మ పమిట చెంగు సర్దుకుంది. "నే వెళ్తానండి. రేపు సమాధి దగ్గర ప్రార్థన పెట్టుకున్నాం. ఫాదర్‌గారొస్తారు, చుట్టాలొస్తారు. వంటకి అన్నీ చూసుకోవాలి. మా తమ్ముడు చిన్నప్ప ఇక్కడే ఉంటాడు, ఏం కావాలన్నా అడగండి."

ఆటో వెళ్లిపోయాక హైమవతి షెడ్డులోకి తిరిగింది. భాస్కరరావు కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మబ్బు పట్టి చల్లగానే ఉంది. అయినా ఆయనకు చెమటలు పోస్తున్నాయి.

"మీ కాయల్ని దేంతో మగ్గబెడతారు భాస్కరరావుగారూ?"

"మాది ఇథిలీన్ చాంబరండి. లైసెన్సుంది. కావాలంటే రండి, చూపిస్తాను."

"కార్బైడ్?"

"అయ్యయ్యో! అది నిషేధమండీ. మా నాన్నగారి రోజుల్లో వాడేవాళ్లేమో గానీ, నేను ముట్టుకోను."

"గోడలకి వెల్ల ఎవరు వేశారు?"

"చిన్నప్పేనండి. ఆ పిల్లకి స్వయానా మేనమామ. తండ్రి లేని పిల్లని ఎత్తుకుని పెంచింది ఆయనే. చుట్టుపక్కల వెల్ల పనంటే ఆయన్నే పిలుస్తారు."

"సున్నం ఎక్కడిది?"

భాస్కరరావు చేతిరుమాలు మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. "అతనే తెచ్చుకున్నాడండి. నాకేం తెలుసు?"

అంతవరకూ గడగడా చెప్పిన మనిషికి సున్నం దగ్గరకొచ్చేసరికి నాలుక తడబడింది. తడబడిన చోటును గుర్తు పెట్టుకుని ఊరుకోవడం హైమవతికి అలవాటు.

తోట దారిలో తెల్లకారు వచ్చి ఆగింది. దిగింది సందీప్. ఇన్సూరెన్స్ రిపోర్టు రాసిన పెద్దమనిషి. ఒకప్పుడు హైమవతి ఏజెన్సీలోనే పని నేర్చుకున్నాడు. ఆమె చాదస్తం భరించలేక వెళ్లిపోయానని అందరికీ చెప్పుకుంటాడు.

"ముగిసిన కేసుని ఎందుకు తవ్వుతున్నారు మేడం? గని అని తవ్వాలనిపించిందా?"

"తవ్వకుండా రాస్తే ఏం వస్తుందో నీ రిపోర్టు చూశాక తెలిసింది సందీప్."

"పేలింది కార్బైడ్ గ్యాసని ల్యాబ్ వాళ్లు తేల్చారు. అక్కడ దొరికిన దీపం కార్బైడ్ దీపం. అందులో కార్బైడ్ వేసి నీళ్లు పోస్తే గ్యాస్ పుడుతుంది, దాన్ని వెలిగిస్తారు. పాత గనుల్లో అందరూ వాడిందే. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది."

"ఆ దీపం ఎక్కడుంది?"

"పోలీసులు తల్లికి ఇచ్చేశారు. బ్యాగు, చెప్పులతో పాటు."

హైమవతి తన సంచిలోంచి సొట్టపడిన ఇత్తడి దీపం తీసి బల్ల మీద పెట్టింది. "విప్పి చూశావా?"

"విప్పడానికేముంది? పేలుడికి మర బిగుసుకుపోయింది."

"పొద్దున్న సైకిల్ షాపులో పానా అడిగి తీసుకున్నాను. విప్పు."

సందీప్ నవ్వుతూనే తిప్పాడు. దీపం అడుగు ఊడింది. కార్బైడ్ ముక్కలు ఉండాల్సిన గిన్నెలో రెండు బ్యాటరీలు, వాటికి అతికించిన వైరు, పైన గోరంత ఎల్ఈడీ బల్బు. గిన్నె లోపలి ఇత్తడి అద్దంలా మెరుస్తోంది. ఆ గిన్నెలో కార్బైడ్ పడి ఎన్నేళ్లయిందో!

"అలంకారానికి పెట్టుకుంది" అంది హైమవతి. "గని ముఖద్వారంలో వేలాడదీయడానికి. లైట్లు చదువుకున్న పిల్ల గనిలో మంట వెలిగిస్తుందని ఎలా అనుకున్నావయ్యా? ఇందులో వెలగడానికి ఏమీ లేదు. కార్బైడ్ వేరే చోటి నుంచి వచ్చింది."

సందీప్ నవ్వు పోయింది. బ్యాటరీలను వేలితో కదిపి చూశాడు. "అయితే ఎక్కడినుంచి?" అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"రా, చూద్దాం. సిగరెట్టూ లైటరూ ఇక్కడే పెట్టు. ఫోను కూడా."

చిన్నప్ప టార్చి పట్టుకుని ముందు నడిచాడు. యాభై దాటిన మనిషి. గోళ్ల చుట్టూ సున్నం తిన్న మచ్చలు. నడుస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

గని లోపలి రాయి నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. చెయ్యి తగిలితే నల్లగా అంటుకుంటోంది. టార్చి వెలుగు ఆ నలుపు మీద పడి అక్కడే మాయమైపోతోంది. పదడుగుల దూరంలో ఏముందో కనిపించడం లేదు. కొంత ముందుకు వెళ్లాక మాత్రం గోడ మనిషి ఎత్తు వరకూ తెల్లబడింది. వెల్ల మొదలైన చోటు నుంచి అదే టార్చి ఒక్కసారిగా దారంతా చూపించింది. పైన కప్పు నల్లగానే ఉంది. కింద గోడ వారగా, మనిషి కంట్లో పడకుండా గోడ వైపే తిరిగి, చిన్న చిన్న దీపాలు బిగించి ఉన్నాయి.

"ఎంత లైటు పెట్టినా నల్లగోడ మింగేస్తుంది మామయ్యా, అనేదండి" చిన్నప్ప మెల్లగా అన్నాడు. "గోడని తెల్లగా చేస్తే నాలుగు బల్బులు చాలు, అనేది. మొత్తం తెల్లగా చేయొద్దు, గని గనిలాగే ఉండాలి, చూసేవాళ్లకి ఇక్కడ చెమటోడ్చినవాళ్లు గుర్తుకు రావాలి, అని పైన నలుపు వదిలేయమంది. చెమ్మ గోడకి ప్లాస్టిక్ పెయింటు నిలవదు, సున్నమే వెయ్యమంది. ఆ పనికి నా చెయ్యే కావాలంది. పట్నంలో ఎంతమంది లేరండీ? నా చెయ్యే కావాలంది."

హైమవతి వెల్లగోడకు దగ్గరగా వెళ్లింది. మామూలు సున్నపు తెలుపు కాదది. కాస్త బూడిద రంగు, కాస్త నీలం. అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు పడి పైపొర లేచిపోయింది, లోపలి నుంచి ఏదో పొంగి పైకి నెట్టినట్టు. ఆమె సీసా మూత తీసి ఒక గుంటలో నీళ్లు చిలకరించింది.

గుంటలో బుడగలు లేచాయి. చిన్నగా చిటపటమన్నాయి. ఆ వెంటనే వాసన. మురిగిన వెల్లుల్లి వాసన.

సందీప్ రెండడుగులు వెనక్కి వేశాడు. "గోడలోనే కార్బైడ్ ఉందా!"

"చిన్నప్పగారూ, ఈ సున్నం ఎక్కడిదండీ?"

దాచుకోవలసినదేదో అడిగినట్టు ఆయనకు అనిపించలేదు. "మామిడి సున్నమండి. మగ్గబెట్టడానికి కాయల మధ్య పొట్లాలు పెడతారు కదా. కాయ పండాక ఆ పొట్లాల్లో తెల్లపొడి మిగులుతుంది. అది సున్నమేనండి. మా నాన్న కాలం నుంచీ కాయల కొట్లకి వెళ్లి ఆ పొట్లాలు బస్తాలకెత్తి తెచ్చుకుంటాం. నీళ్లలో వేసి నానబెడితే కాగితాలు పైకి తేలతాయి, తీసి పారేస్తాం. చర్చి గోడలకీ అదే, మా ఇళ్లకీ అదే. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"ఈసారి ఎక్కడ నానబెట్టారు?"

"ఒక బస్తా బయట నానబెట్టి ఈ గోడలకి వేశానండి. రెండోది లోపలే" అంటూ ఆయన టార్చి పక్క సొరంగం వైపు తిప్పాడు. పేలుడు జరిగిన చోటు. కప్పు నిండా పొడి మసి వేలాడుతోంది, వేలు పెడితే రాలిపోయే మసి. కాలిన స్విచ్‌బోర్డు సొరంగం మొదట్లోనే ఉంది. వెనకాల నేలలో తవ్విన గుంట, అందులో గట్టిపడిన తెల్లటి బురద. హైమవతి గొంతుక్కూర్చుని కర్రతో బురదను కెలికింది. మెత్తబడి విడిపోయిన కాగితాలు చాలా వచ్చాయి. వాటి కింద ఇంకొకటి తగిలింది. బురదలో కూరుకుపోయిన ప్లాస్టిక్ సంచి, దాని నిండా దారంతో బిగించి కట్టిన పొట్లాలు. ఒకటి చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. దారం తెంపి విప్పితే లోపల పొడి లేదు. నల్లటి రాళ్లలాంటి గడ్డలు, పదునైన అంచులతో.

వాడిన పొట్లంలో పొడి మిగలాలి. ఇది ఎన్నడూ వాడనిది.

"నానబెట్టినప్పుడు ఎలా ఉంది?" అడిగింది ఆమె.

"ఉడికిందండి. ఎప్పుడూ అంత ఉడకలేదు. గుంట అంతా కుతకుతలాడింది. మంచి ఘాటైన సున్నం దొరికింది, పాప గోడ నిలుస్తుంది అనుకున్నాను." చిన్నప్ప గుంటలోకి వంగి చూశాడు. "పొంగు చల్లారేదాకా మూత తీయకూడదంటామండి. ఆవిరి పోతే సున్నానికి పట్టు పోతుంది. అందుకని సొరంగం మొత్తానికి అడ్డంగా టార్పాలిన్ కట్టేశాను. గాలి చొరకుండా అంచులకి మట్టి కూడా పెట్టాను. సాయంత్రం కట్టి ఇంటికి..."

ఆయన టార్చిని కాలిన స్విచ్‌బోర్డు వైపు తిప్పాడు.

చెప్పాల్సింది హైమవతే. చెప్పకుండా తప్పించుకునే దారి ఆమెకు కనపడలేదు. రాత్రంతా ఆ టార్పాలిన్ వెనక గ్యాస్ నిండింది. పొద్దున్న షాలోమి వచ్చి, తల్లితో మాట్లాడి, లైటు ఎలా పడుతుందో చూద్దామని టార్పాలిన్ పక్కకు తీసి స్విచ్ వేసింది. స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు. ఇదంతా హైమవతి వీలైనంత తక్కువ మాటల్లో చెప్పింది. చిన్నప్ప అంతా విన్నాడు. తరువాత వంగి, పేలుడుకి నల్లబడిన వెల్లగోడ మీద అరచెయ్యి ఆన్చి, అలాగే ఉండిపోయాడు. సందీప్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

హైమవతి ఆయన భుజం పట్టుకుని లేపింది. "మీరు ఎప్పుడూ చేసే పనే చేశారు. కొత్త పొట్లాలు ఆ బస్తాల్లో ఎవరు కలిపారో నాకు కావాలి. పదండి."

బయట వెలుగు కళ్లలో పొడిచింది. భాస్కరరావు కుర్చీలోంచి లేచాడు. హైమవతి ఆయన ముందున్న బల్ల మీద పొట్లం పెట్టింది.

"మీరు ముట్టుకోనన్నది ఇదేనా?"

"నాది కాదండీ! ఎవడో..."

"అలాగా. అయితే ఈ గ్లాసులో వేసి నీళ్లు పోస్తాను. మీరు పక్కన కూర్చుని దీపం వెలిగించుకోండి."

సందీప్ అడ్డొచ్చాడు. ఆమెకు కాదు, భాస్కరరావుకు. "సార్, మీ ఇన్సూరెన్స్ ఫైలు ఇంకా నా చేతిలోనే ఉంది. నాతో అబద్ధం చెప్పారు. ఇంకొకటి చెప్పారంటే మీ గోడౌన్లన్నీ ఇవాళే తెరిపిస్తాను."

ఆయన కూలబడి జరిగింది చెప్పాడు. తనిఖీవాళ్లు వస్తున్నారని ముందుగానే కబురు తెలిసింది. గోడౌన్లో కార్బైడ్ నిలవ ఉంది. పారబోస్తే ఎవరైనా చూస్తారు. సరిగ్గా అప్పుడే చిన్నప్ప వాడేసిన పొట్లాల కోసం వచ్చాడు. తనే పాత పొట్లాల అడుగున కొత్తవి కలిపించి, బస్తాలు కుట్టించి పంపేశాడు. "సున్నంలో కలిసిపోతుంది కదా అనుకున్నానండీ. ఇలా అవుతుందని కలలో కూడా అనుకోలేదు. పేలాక భయమేసింది. ఆ దీపం దొరికిందన్నారు, సరే దీపమే అని ఊరుకున్నాను."

"చచ్చిన పిల్ల మీదకి నెట్టేసి ఊరుకున్నారు" అంది హైమవతి. "ఆ తల్లి మీ కళ్ల ముందే నిలబడి అడిగింది. మీరు మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు."

"తప్పేనండి. తప్పే. మూడు బస్తాల్లోనూ కలిపించాను. ఒప్పుకుంటున్నాను."

"మూడింట్లోనా?" అన్నాడు చిన్నప్ప.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మొహం గోడకు వేసిన వెల్లకన్నా పాలిపోయి ఉంది.

"ఇక్కడ వాడింది రెండేనండి. మూడోది ఇంటికి తీసుకెళ్లాను. పాప సమాధికి నేనే వెల్ల వేద్దామని. పొద్దున్నే అక్క ఇంట్లో నానబెట్టి వచ్చాను. వంటిల్లు పక్కన కొట్టుగదిలో. డ్రమ్ము మీద మూత పెట్టి, తడి గోనె కప్పి, గది తలుపు వేసేశాను."

వంటకి అన్నీ చూసుకోవాలని వెళ్లిన సవరమ్మ ఇల్లు చేరి ఎంతసేపయిందో హైమవతి లెక్క వేసుకోలేదు. బల్ల మీది ఫోను లాక్కుని నొక్కింది. సందీప్ అప్పటికే కారు వైపు పరుగెత్తాడు.

మోగింది. మోగుతూనే ఉంది. ఆఖరుకు ఎత్తింది.

"చెప్పండి మేడం."

"సవరమ్మగారూ, ఎక్కడున్నారు?"

"వంటింట్లోనేనండి. ఇప్పుడే వచ్చాను, దారిలో కూరగాయలు కొనుక్కున్నాను. ఏదో వాసన మేడం, మురిగిన వెల్లుల్లిలాగా. గ్యాసేమోనని సిలిండరు కట్టేశాను. మబ్బుకి ఏమీ కనపడటం లేదు, లైటు వేసి చూ..."

"లైటు వేయొద్దు!" హైమవతి అరిచిన అరుపుకి తోటలో కాయలు కోసేవాళ్లు కూడా తిరిగి చూశారు. "చెయ్యి వెనక్కి తియ్యండి. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయొద్దు, ఆపొద్దు. ఉన్నదున్నట్టు వదిలేసి బయటికి నడవండి. రోడ్డు మీదకి. ఫోను పెట్టొద్దు, నడవండి."

సవరమ్మ ఎందుకని అడగలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. గడియ తీసిన చప్పుడు. ఆయాసం. పక్కింటావిడను పిలిచి అటు వెళ్లొద్దని చెప్పడం. రోడ్డు మీద పోతున్న మోటార్ సైకిల్ హారన్ వినపడింది.

"వచ్చేశానండి. ఇప్పుడు చెప్పండి, ఏం జరిగింది?"

"మీ అమ్మాయి తప్పు లేదు సవరమ్మగారూ. గోరంత కూడా లేదు. ఆ దీపంలో మంటే లేదు, అందులో బ్యాటరీలున్నాయి. సొరంగంలో కార్బైడ్ గ్యాస్ నిండి ఉంది. ఆ సంగతి షాలోమికి తెలిసే అవకాశమే లేదు. లైటు వేసింది, అంతే."

అవతల ఏడుపు మొదలైంది. మూడు వారాలుగా ఆగిన ఏడుపు, నడిరోడ్డు మీద, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా. హైమవతి వింటూ నిలబడింది. ఆమె కళ్లు కూడా తడిశాయి, తుడుచుకోలేదు.

"మరి ఆ గ్యాస్ అక్కడికెలా వచ్చింది మేడం?" ఏడుపు మధ్యలోనే అడిగింది సవరమ్మ. "నా బిడ్డని ఎవరు చంపారు?"

చట్టం ముందు జవాబు తేలికే. ఆ జవాబు ఎదురుగా కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంది. హైమవతి భాస్కరరావు పేరు చెప్పబోయింది. ఈలోపు సున్నం తిన్న చెయ్యి ఒకటి ముందుకు వచ్చి ఫోను అందుకుంది. ఆమె ఇవ్వకూడదనుకుంది, కానీ ఆ చేతిని కాదనలేకపోయింది.

"అక్కా" అన్నాడు చిన్నప్ప. "ఆ సున్నం నానబెట్టింది నేనే. మూత పెట్టింది కూడా నేనే అక్కా."